ఆపాతమధురము: పాతపాటల గుణవిచారము

వెనుకటి చలనచిత్రములయందలి పాటలను మెచ్చుకొనువారు వానిని ‘ఆపాతమధురములు’ అని వ్యవహరించుట తెలుగునాట పరిపాటియైనది. రేడియో కార్యక్రమములకును, గానసభలకును, పాటల సంపుటములకును ఈ పేరు పెట్టుచున్నారు. ఇంత వ్యాప్తిగల మాట యేమి చెప్పుచున్నదో, దానిని వాడువారు ఏమి చెప్పదలచుచున్నారో విచారించినచో, పాతపాటలను గూర్చి లోకమున గల అభిప్రాయభేదమునకు మూలము తేటపడగలదు. కావున పదవిచారము ముందు, పాటవిచారము పిమ్మట.

‘ఆపాత’ శబ్దము ఆఙ్పూర్వకమైన పత ధాతువుపై ఘఞ్ ప్రత్యయము చేరగా సిద్ధించినది. మీద పడుట, తటాలున తగులుట దాని యర్థము. ఆపాతమధురమనగా చెవిని సోకిన తత్క్షణమే తీయనైనది. సంగీతసాహిత్యములను సరస్వతీదేవి స్తన్యములుగా భావించిన ప్రసిద్ధశ్లోకమొకటి సంగీతమునకు ఈ విశేషణమును, సాహిత్యమునకు ఆలోచనామృతమను విశేషణమును ఇచ్చినది. సంగీతమునకు విలంబము లేదు; సాహిత్యము భావించినకొలది రుచియిచ్చును. ఈ శబ్దకుటుంబమునకు నిందాచ్ఛాయయు కలదు. తొలుత సుఖమై తుద విరసమగు విషయభోగములను ‘ఆపాతరమణీయములు’ అని నీతికారులు హెచ్చరింతురు. కనుక ‘ఆపాత’ శబ్దము తనంత పొగడ్త కాదు, తెగడ్తయు కాదు. అది కాలమును దెలుపునది. అందును మొదటి క్షణమును మాత్రమే దెలుపునది.

వాడువారిలో పెక్కుమంది ఈ పదమును మరియొక విధముగ విరుచుకొనుచున్నారు: ఆ, పాత, మధురములు. ఆ, ఈ, ఏ అను త్రికము మీది హల్లునకు ద్విత్వము బహుళము గనుక ‘అప్పాత’ యనియే కావలెనను నిర్బంధము లేదు. తెలుగుపదమునకు తత్సమము చేరిన మిశ్రసమాసములును భాషలో లేకపోలేదు. కావున లక్షణమును చూపి ఈ విరుపును త్రోసిపుచ్చుట సులభము కాదు. కొందరు ‘ఆ’ తరువాత ఎడము విడిచి అచ్చువేయుట చూడగా శ్లేష బుద్ధిపూర్వకముగనే చేయబడుచున్నదనియు తోచును. అయినను అర్థము మాత్రము తలక్రిందులైనది. మొదటి విరుపున పాట వినగానే తీయనైనది. రెండవ విరుపున పాట పాతది గనుక తీయనైనది. మొదటిది పాటయందలి గుణము. రెండవది వినువానికి ఆ పాటతో గల సంబంధము. గుణమును సంబంధమని, సంబంధమును గుణమని భ్రమించుటయే పాతపాటల ప్రశంసలో తరచుగా గానవచ్చు దోషము.

ఇట్టి సంకరము తెలుగున మాత్రమే పుట్టినది కాదు. పాశ్చాత్యులు 1960, 1970 దశకములనాటి రాక్ సంగీతమును నేడు ‘క్లాసిక్ రాక్’ అందురు. 1980 దశకమున అమెరికా రేడియో కేంద్రములు ఈ పేరును వ్యాపింపజేసినవి. ‘క్లాసిక్’ అను మాటకు మూలమైన లాటిను శబ్దము రోమకపౌరులలో అగ్రశ్రేణివారిని దెలుపునది. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున ఔలస్ గెల్లియస్ గ్రంథమునందు అది ఉత్తమరచయితకు అన్వయింపబడినది. శ్రేణిని దెలిపిన మాట క్రమముగా ప్రాచీనతను దెలుపునదైనది. బీటిల్స్ బృందమువారు పాడుచున్న కాలమున వారి పాటలు పెద్దలలో అనేకులకు కర్ణకఠోరములు. ఆ బృందము 1970లో విచ్ఛిన్నమైన పిదప అర్ధశతాబ్దము గడచి, నేడు తాతలు మనుమలకు వినిపించు నిధులు. పాట మారలేదు, వినువారి వయస్సు మారినది. అచ్చటను ఇచ్చటను ప్రశ్న యొక్కటియే: మెప్పు పాటదా, గడచిన కాలముదా?

ఈ ప్రశ్నను గ్రంథములలో కంటె గ్రామములలో విచారించుట సుకరము. హైదరాబాదునకు ఆగ్నేయమున, రంగారెడ్డి జిల్లాలో నున్న కోహెడను ఉదాహరణముగా గ్రహింపవచ్చును. 1996లో నెలకొన్న రామోజీ చలనచిత్రనగరము దీనికి అనతిదూరముననే యున్నది. అయినను ఇచ్చటి వృద్ధులు తలచుకొను పాటలు మదరాసున పుట్టినవి. రేడియో మూలమునను, పట్టణపు టాకీల మూలమునను ఊరు చేరినవి. ఇట్టి యూరిలో రచ్చకడ పాటల ప్రసక్తి వచ్చినపుడు మూడు తీరుల వాక్యములు కలగలసి వినవచ్చును. ఘంటసాలవంటి గొంతు మరల పుట్టదనుట యొకటి, ఇది అభిప్రాయము. ఆ పాట వచ్చిన యేట బావి త్రవ్వించితిమనుట రెండవది; ఇది జ్ఞాపకము. ఆ పాట చెవిని బడినచో ఎందులకో గుండె నీరగుననుట మూడవది, ఇది అనుభవము. మాటలాడుకొనువారు ఈ మూడింటికిని ఒకే తూకము వేయుదురు. వారట్లు చేయుట తప్పు కాదు. సంభాషణము న్యాయస్థానము కాదు గదా. విమర్శకుడు మాత్రము వానిని వేరుపరుపక తప్పదు.

జ్ఞాపకస్వరూపమును తార్కికులు స్పష్టముగ నిరూపించినారు. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున స్మృతిని సంస్కారమాత్రముచే పుట్టు జ్ఞానముగా లక్షించెను. పూర్వానుభవము మనస్సున ముద్ర విడిచిపోవును. ఏదో యొక నిమిత్తము ఆ ముద్రను మేలుకొలుపును. రెండు వస్తువులు కలసి కనబడినపుడు పిమ్మట నొకటి కనబడినను రెండవది తోచును. ఏనుగును చూచినవానికి మావటివాడు జ్ఞప్తికి వచ్చుట దీనికి శాస్త్రప్రసిద్ధమైన దృష్టాంతము. పాతపాటయందు పాట ఏనుగు, గడచిన దినములు మావటివాడు. శ్రోత ఏనుగును చూచుచు మావటివానిని పొగడుచున్నాడు. ఆ పొగడ్త నిజమైనదే కావచ్చును. కాని దానిచే ఏనుగు లక్షణములు తెలియవు.

ఈ భేదమును మరచుటచే కలుగు అనర్థమునకు దేవదాసు చిత్రము నిదర్శనము. శరచ్చంద్రుని 1917నాటి నవలను వేదాంతం రాఘవయ్య 1953లో తెలుగుతెరకెక్కించెను. పాటలు సముద్రాల రాఘవాచార్యుల పేర వెలసినవి. అందు నాయకుడు మధుపానమత్తుడై ఘంటసాల కంఠమున పాడు గీతమును వేదాంతగీతముగా పేర్కొనువారు నేటికిని పెక్కురు. లోకము మాయయను మాట అందుండుటయే వారికి ప్రమాణము. ఆలంకారికమర్యాదచే చూడగా ఈ నిర్ణయము నిలువదు. నిర్వేదము రెండు విధములు. తత్త్వజ్ఞానముచే పుట్టినది శాంతరసమునకు స్థాయి. ఇష్టవస్తువియోగముచే పుట్టినది వ్యభిచారిభావము మాత్రమే. దేవదాసు నిర్వేదము పార్వతీవియోగముచే పుట్టినది. మధువు దానిని పెంచినది. కావున ఆ గీతము శాంతము కాదు. నాయకుని పతనమును సూచించు కరుణమునకు అంగము. వక్త యెవడు, ఏ స్థితిలో పలుకుచున్నాడను ఔచిత్యమును విడిచి మాటలను మాత్రము గ్రహించినచో మత్తుని ప్రలాపము ఋషివాక్యమగును. గీతము యొక్క నిజమైన గొప్పతనమును ఈ అపవ్యాఖ్యానమే మరుగుపరచుచున్నది. తత్త్వము పలుకు నోటియందే తత్త్వమునకు దూరమైన దైన్యము వినబడుట అందలి విశేషము. ఘంటసాల పదముల తుదలను జారవిడిచిన తీరు ఆ దైన్యమును ధ్వనింపజేయుచున్నది. పాటను చిత్రమునుండి తెంచి, తమ వృద్ధాప్యపు నిట్టూర్పులతో ముడివేసికొన్న శ్రోతలు ఈ ధ్వనిని వినుట మానినారు.

జ్ఞాపకము కర్తృత్వనిర్ణయమునందును పొరబడును. దేవదాసు సంగీతమంతయు సి. ఆర్. సుబ్బరామన్‌దే యని సామాన్యముగ చెప్పుదురు. ఆయన చిత్రము విడుదలకు ముందే, 1952లో, గతించెను. శేషించిన పనిని శిష్యులు విశ్వనాథన్, రామమూర్తులు పూర్తిచేసిరి. 1957నాటి మాయాబజారు సంగీతము ఘంటసాల పేరనున్నది. కాని నౌకావిహారగీతము మొదలుగాగల నాలుగు పాటల వరుసలు సాలూరి రాజేశ్వరరావు కట్టినవి. తెరమీది పేరును చూచి ఒకరును, వరుస పోకడను పట్టి ఒకరును వాదులాడుదురు. ఇరువురును తమ జ్ఞాపకమునే సాక్షిగా నిలుపుదురు. పనిచేసిన క్రమము తెలియనిదే ఈ వాదము తెగదు.

ఆ నౌకావిహారగీతమునందే మరియొక విశేషము గలదు. దానిని తెరమీద చూచినవారికి మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణమున విరిసిన వెన్నెల పాటనుండి వేరు కాదు. కోహెడవంటి యూళ్లలో దానిని రేడియోలో మాత్రమే వినినవారికి ఆ వెన్నెల లేదు. వారి వాకిటి వెన్నెలయే కలదు. చలనచిత్రగీతములకు ఆకాశవాణి ద్వారము దాదాపు మూతవడిన కాలమొకటి యుండెను. 1952లో బి. వి. కేస్కర్ ప్రసారశాఖామాత్యుడైన పిమ్మట శాస్త్రీయసంగీతమునకు ప్రాధాన్యమిచ్చి సినిమాపాటలను తగ్గించుటచే శ్రోతలు సింహళమునుండి వచ్చు రేడియో సిలోనునకు చెవులొగ్గిరి. అందు తెలుగుపాటలను మీనాక్షి పొన్నుదురై పరిచయము చేసెడిది. 1957 అక్టోబరు 3న వివిధభారతి ఆరంభమైన పిదప గాని ఆ లోటు తీరలేదు. అలలవలె లేచి పడుచు, గరగర ధ్వనులనడుమ వచ్చిన పాటను చెవి రిక్కించి వినినవారి మాధుర్యమునందు ప్రయాసమునకును భాగము గలదు. దొరకుట అరుదైనది తీయనగుట లోకస్వభావము. నేడు కోరిన క్షణమున చేతిలోని ఫోనునందు మ్రోగు అదే పాట ఆ తీపిని ఇయ్యజాలకున్నచో, లోపము పాటయందు లేదు.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి జ్ఞాపకము విమర్శకు శత్రువనియు, వృద్ధుల మెప్పు వ్యామోహమాత్రమనియు నిర్ణయింపవచ్చునని కొందరు తలపవచ్చును. అట్లనువారు లేకపోలేదు. పాతది గనుక మంచిదనుట యెంత అవిచారమో, పాతదానిని మెచ్చువాడు మోహితుడనుటయు అంతే అవిచారము. కాళిదాసు మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనయందు ప్రాచీనతానవీనతలు రెండును గుణనిర్ణయమునకు ప్రమాణములు కావని సూత్రధారునిచే పలికించిన తీర్పు ఉభయపక్షములకును వర్తించును. దీనికి సమాధానము ఆ కవిదే యగు శాకుంతలమునందు లభించును.

అయిదవ అంకమున హంసపదిక పాడుచుండగా విని దుష్యంతుడు కలతనొందును. ఇష్టజనవియోగము తనకు లేకున్నను ఈ యుత్కంఠ ఏలకలిగెనని విస్మితుడై, రమ్యవస్తుదర్శనమునను మధురశబ్దశ్రవణమునను సుఖియైనవాడు సైతము ఎరుగని పూర్వజన్మస్నేహములను తలచుచుండును కాబోలునని సమాధానపడును. అభినవగుప్తుడు నాట్యశాస్త్రవ్యాఖ్యయైన అభినవభారతిలో ఈ సందర్భమును గ్రహించి, ఇచ్చట చెప్పబడిన స్మృతి తార్కికుల స్మృతి కాదనెను. ఏలయన స్మరింపబడు విషయము మునుపు అనుభవింపబడినది కాదు. అది ప్రతిభయను పేరుగల సాక్షాత్కారవిశేషమని ఆయన సిద్ధాంతము.

పాతపాటల గుణమును పరీక్షించుటకు ఇంతకంటె మేలైన ఒరపిడిరాయి లేదు. పాటతో ఏ పూర్వసంబంధమును లేని బాలుడు దానిని తొలిసారి విని, తాను ఎన్నడు నెరుగని యొకదానిని పోగొట్టుకొన్నట్లు ఉత్కంఠపడెనేని, అది స్మృతి కాదు, రసము. తాత వినినప్పుడు కలిగినది రసమో, పడుచుదనమునాటి జ్ఞాపకమో తాతకు సైతము తెలియదు; మనుమడు వినినప్పుడు తెలియును. అప్పుడు ఆపాతమధురమను మాట రెండర్థములను విడిచి తన మొదటి యర్థమునకు చేరును. ఆపైన ఆలోచనాపరీక్షయు జరుగవలెను: మాటలు విచారమునకు నిలుచునా?

1961లో వచ్చిన జగదేకవీరుని కథయందలి ‘శివశంకరీ’ గీతము ఈ రెండు పరీక్షలకును ఆగును. పింగళి నాగేంద్రరావు రచన, పెండ్యాల నాగేశ్వరరావు స్వరకల్పన, ఘంటసాల గానము, రాగము దర్బారీ కానడ. ఈ రాగమున గాంధారధైవతములు మెల్లగా ఊగుచు, ఒక్క స్వరమునందే గాంభీర్యమును నింపును. రాగము పేరెరుగని వాని చెవియు ఆ బరువును గుర్తించును. పద్యమున వలె దీర్ఘాన్వయములు లేవు. సంబోధనలే అధికము, శక్తిని పిలుచు ప్రార్థనకు సంబోధన సహజరూపము. అర్థము సంగీతమునకు అడ్డురాక, సంగీతము అర్థమును మ్రింగక, రెండును చివరికి వేగమునందు ఏకమగుచున్నవి. దీనిని మెచ్చుటకు 1961లో జీవించియుండవలసిన పని లేదు.

1951నాటి మల్లీశ్వరియందలి దేవులపల్లి కృష్ణశాస్త్రి గీతములు వేరొక జాతివి. సాలూరి రాజేశ్వరరావు వరుసలును, భానుమతి కంఠమును తొలివినికిడికే మనసును లోగొనును. కాని వాని నిజమైన బలము ఆలోచనయందు పెరుగును. చిన్నచిన్న తెలుగుమాటలను పేర్చి, క్రియను వాక్యాంతమున నిలిపి, నిరీక్షణమును వాక్యనిర్మాణమునందే చూపుట అందలి నేర్పు. వినువాడు క్రియకై వేచును. మల్లి నాగరాజునకై వేచుచున్నది. ఇట్టి పాటలను ‘సినిమాపాట’ యని సాహిత్యచరిత్ర వెలుపల నుంచుట పండితులకు గౌరవము కాదు.

ఇక జ్ఞాపకమునకు వేరొక విలువయు గలదు. కోహెడ నిజాము రాజ్యమునందలి గ్రామము. ఉర్దూ బోధనాభాషగా 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆ రాజ్యపు విద్యావిధానమునకు గురుతు. ఉర్దూ చదివి కొలువు చేసినవారికిని, బడి మొగమెరుగని వారికిని తెలుగు చెవిభాషగా నుండెను. భాగోతములు, భజనలు, బతుకమ్మపాటలు వారి గ్రంథాలయము. 1948 పిమ్మటను, దక్కను రేడియో 1950లో ఆకాశవాణిలో చేరిన పిమ్మటను, సినిమాపాట ఆ గ్రంథాలయమున క్రొత్త పుస్తకమైనది. అక్షరములు రాని యువతి ‘వివాహభోజనంబు’ అను పాటలో ప్రాచీనమైన ‘ంబు’ అంతమును నోటితో పలికినది. సంస్కృతసమాసములను రాగముతో కంఠస్థము చేసినది. వారికి పాతపాట వినోదము మాత్రమే కాదు, తొలి పాఠము. తొలిపాఠము చెప్పిన గురువునందు వలె దానియందు వారికి గల కృతజ్ఞత వ్యామోహమని త్రోసివేయదగినది కాదు.

చెవిచదువున పాఠము మారుటయు సహజమే. మాయాబజారున పింగళివారు రాక్షసశిష్యులచే ‘అసమదీయులు, తసమదీయులు’ అనిపించినారు. మొదటిది ‘అస్మదీయ’ శబ్దమునకు సంయుక్తాక్షరమును విడదీయగా వచ్చిన రూపము. రెండవది దాని పోలికపై హాస్యమునకై కల్పింపబడినది. సంస్కృతమున ‘తదీయ’ యే గాని ‘తస్మదీయ’ లేదు. అయినను నేటి పత్రికలు రాజకీయవార్తలయందు ‘తస్మదీయులు’ అని గంభీరముగ వ్రాయుచున్నవి. హాస్యరూపమును సంస్కరింపబోయి, లేని శబ్దమును సృష్టించినారు. ‘ఆపాత’ ‘ఆ పాత’ యగుటయు ఇట్టిదే. క్లిష్టపాఠమునకు బదులు సులభపాఠము చేరుట వ్రాతప్రతులను పరిష్కరించువారికి క్రొత్తది కాదు. పాడుకొనువారి నోళ్లలో పాటల మాటలు మారిన తీరును పాఠాంతరములుగా గ్రహించి పరిశీలించినచో, ఏ మాట జనులకు కఠినమైనదో, దేనిని వారు తమదిగా చేసికొనిరో తెలియగలదు.

పాణిని తృతీయాధ్యాయమున ఒక విచిత్రమైన విధి చేసినాడు. స్మరణార్థకపదము తోడున్నపుడు, గడచిన క్రియకును భవిష్యదర్థకమైన లృట్టును వాడవలెను. కాశ్మీరమున తాము నివసించుటను మిత్రునకు జ్ఞాపకము చేయువాడు ‘నివసింపగలము’ అను రూపమునే పలుకును. ‘యత్’ శబ్దము చేరినచో ఈ విధి ప్రవర్తింపదు. అప్పుడు గతము గతముగనే చెప్పబడును. సూత్రము భాషాప్రయోగమును చెప్పునదే గాని మనస్తత్త్వమును చెప్పునది కాదు. అయినను పాటలను తలచుకొనువారిని చూడగా ఆ ప్రయోగము జ్ఞప్తికి రాకమానదు. వారి మాటలలో గతము ముగిసినదిగా నుండదు. పాట మరల మొదలగునట్లు, బావి మరల త్రవ్వబడునట్లు పలుకుదురు. విమర్శకుని పని ‘యత్’ శబ్దమువంటిది. అది చేరినప్పుడు గతము తన స్థానమున నిలుచును. దేని విలువ దానికి దక్కును.

సాహిత్యపరిశోధనమునకు పూనుకొన్న సంఘములు ఈ జ్ఞాపకములను ఆలసింపక సేకరింపవలసియున్నది. తొలిరేడియోనాటి శ్రోతలలో మిగిలినవారు కొలదిమంది. ఒక్కొక్క శ్రోతనుండి నాలుగు విషయములు వేరువేరుగా వ్రాసికొనుట అవసరము: పాటను ఏ సాధనమున, ఏ కాలమున వినెను, దాని మాటలను ఏ రూపమున జ్ఞాపకముంచుకొనెను, దానితో ముడివడిన జీవితవిశేష మేది, పాటను గూర్చి ఆయన తీర్పు ఏమి. పిమ్మట అదే పాటను అదే యింటి చిన్నవారికి వినిపించి వారి మాటను ప్రక్కన వ్రాయవలెను. ఒకదానితో నొకటి కలుపకుండ వ్రాసికొన్న ఈ అయిదు వరుసలు ఒక్క కోహెడనుండి లభించినను, తెలుగుపాట చరిత్రకు ఇంతవరకు లేని ఆధారమొకటి చేకూరును.